ఇల్లు అత్తగారి పేరు మీద ఉన్నా నిన్ను వీధిలో పడెయ్యలేరు, చెల్లీ

గుంటూరు నుంచి ఒక చెల్లి రాసిన ఉత్తరం ఇది. ఊరు తప్ప మిగతా ఆనవాళ్లు తీసేసి, కాస్త కుదించి ఇస్తున్నాను.

"అక్కా, నాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు. మా ఆయన మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. మొదట్లో తాగినప్పుడే కొట్టేవాడు, ఇప్పుడు తాగకపోయినా కొడుతున్నాడు. నేను ఇంట్లోనే చీరలకు ఫాల్సు, జాకెట్లు కుట్టి నెలకు ఐదారు వేలు తెస్తాను, అవీ ఆయనే తీసేసుకుంటాడు. పోయిన వారం గొంతు పట్టుకుని గోడకేసి నొక్కాడు, కళ్లు బైర్లు కమ్మాయి, రెండు రోజులు అన్నం మింగలేకపోయాను. ఎవరడిగినా బాత్రూములో జారిపడ్డానని చెప్పాను. మా అత్తగారు, ఇల్లు నా పేరు మీద ఉంది, కేసూ గీసూ అన్నావంటే సామాను వీధిలో పడేస్తాను అంటోంది. నా బంగారం ఆవిడ బీరువాలోనే ఉంది. తెనాలి దగ్గర మా అమ్మావాళ్లేమో చెల్లి పెళ్లయ్యేదాకా ఓర్చుకోమంటున్నారు. కేసు పెడితే ఆయన్ని జైల్లో వేస్తారా? పిల్లలు నాకు దక్కుతారా? లాయరుకి డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి? నాకు విడాకులు వద్దక్కా, దెబ్బలు ఆగితే చాలు."

చెల్లీ, నీ ఉత్తరంలో నువ్వు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన విషయంతోనే మొదలుపెడతాను. గొంతు పట్టుకున్నాడన్నావే, అది. చెంపదెబ్బకీ దీనికీ చాలా తేడా ఉంది. భార్య గొంతు నొక్కిన మనిషి తర్వాత ఆమె ప్రాణమే తీసే ప్రమాదం ఎక్కువ. నిన్ను భయపెట్టాలని చెప్పడం లేదు, ఈ మాట నీకు ఇంకెవరూ చెప్పి ఉండరని చెబుతున్నాను. ఇంకో సంగతి, గొంతు నొక్కినప్పుడు పైకి కమిలిన మచ్చ కనపడకపోయినా లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగుతుంటే నొప్పి, తలతిరుగుడు, ఊపిరి ఆడకపోవడం ఒకటి రెండు రోజులయ్యాక కూడా మొదలవుతాయి. వారమైంది కదా అనుకోకు, జీజీహెచ్‌కి, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రికి, వెళ్లి చూపించుకో. రాత్రయినా క్యాజువాలిటీ ఉంటుంది.

అక్కడ మాత్రం జారిపడ్డానని చెప్పొద్దు. నేను కొందరు ఆడవాళ్ల వెంట ఆస్పత్రికీ, స్టేషన్‌కీ, కోర్టుకీ తిరిగినదాన్ని, ఆ చీటీ మీద రాసే ఒక్క ముక్క ఎంత పని చేస్తుందో కళ్లారా చూశాను. ఒకావిడకి మూడుసార్లు చెయ్యి విరిగింది. మూడు చీటీల మీదా "జారిపడింది" అనే ఉంది, ఎందుకంటే మూడుసార్లూ పక్కన నిలబడి ఆ మాట చెప్పింది భర్తే. కోర్టులో ఆవిడ నిజం చెబుతుంటే అవతలి లాయరు ఆ మూడు కాగితాలూ ఒకదాని తర్వాత ఒకటి చదివాడు. ఆవిడ తల వంచుకుని చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. నాకు ఇప్పటికీ ఆ వేలే గుర్తొస్తుంది. అందుకని నువ్వు డాక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పు: ఫలానా రోజు, ఫలానా వేళ, నా భర్త రెండు చేతులతో గొంతు నొక్కాడు, కళ్లు బైర్లు కమ్మాయి. మెడికో లీగల్ కేసుగా రాయమను, ఎమ్మెల్సీ అంటారు దాన్నే. అలా రాస్తే ఆస్పత్రి నుంచే పోలీసులకు కబురు వెళ్తుంది, ఇది ముందే తెలిసి ఉంటే నువ్వు కంగారుపడవు. ఆ చీటీ ఫొటో తీసి నీకు నమ్మకమున్న మనిషికి పంపి, నీ ఫోన్‌లోంచి తీసెయ్.

మళ్లీ చెయ్యెత్తితే, ఆ క్షణాన 112కి ఫోన్ చెయ్యి, అత్యవసర నంబరు అది. అప్పుడు చట్టం గురించి ఆలోచించక్కర్లేదు, పిల్లల్ని తీసుకుని గుమ్మం దాటి బయటికి రావడమే. గొడవ మొదలైందని అనిపించగానే వంటింట్లోకి వెళ్లకు, కత్తీ గ్యాసూ అక్కడే ఉంటాయి. బాత్రూములోకీ వద్దు, బయటికి దారి ఉండదు. వీధి తలుపు వైపు ఉండు. బాబుకి ఏడేళ్లు కాబట్టి, అమ్మ ఫలానా మాట అంటే పక్కింటి పిన్నిగారి దగ్గరికి పరిగెత్తాలని వాడికి చెప్పి ఉంచు.

ఇప్పుడు నువ్వు అడిగినవి. విడాకులు వద్దు, దెబ్బలు ఆగాలి అన్నావు. సరిగ్గా దానికోసమే ఒక చట్టం ఉంది, 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది, గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం. దీని కింద వేసే కేసుని మన కోర్టుల్లో డీవీసీ అంటారు, డొమెస్టిక్ వయొలెన్స్ కేసు అని. కేసు పెట్టడమంటే కాపురం కూల్చుకోవడమేనని మనవాళ్ల నోట పడి పడి స్థిరపడిపోయింది కానీ, ఈ చట్టం కింద కేసు వేయాలంటే విడాకులు అడగక్కర్లేదు, విడిగా ఉండక్కర్లేదు, అదే ఇంట్లో ఉంటూ కూడా వేయొచ్చు. ఇది మొదట్లోనే అరెస్టులు చేసే కేసు కాదు. నువ్వు మేజిస్ట్రేటుకి అర్జీ పెట్టుకుంటావు, ఆయన్ని నా మీద చెయ్యి చేసుకోకుండా, బెదిరించకుండా కట్టడి చెయ్యండి అని. కోర్టు రక్షణ ఉత్తర్వు ఇస్తుంది. ఆ ఉత్తర్వుని మీరి మళ్లీ కొడితే అప్పుడది నేరం, ఏడాది దాకా జైలు, లేదా 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అది బెయిలు దానంతటదే వచ్చే నేరం కూడా కాదు. కాబట్టి జైలు సంగతి అడిగావు కదా, ఆయన కోర్టు మాట వింటే ఈ కేసులో జైలు ఉండదు. వినకపోతే దానికి నువ్వు బాధ్యురాలివి కాదు.

ఈ చట్టంలో హింస అంటే దెబ్బలొక్కటే కాదు. పిల్లల ముందు బూతులు తిట్టడం, ఇష్టం లేకపోయినా పక్కలో బలవంతపెట్టడం, నువ్వు ఫాల్సు కుట్టి తెచ్చుకున్న ఐదారు వేలు లాక్కోవడం, నీ బంగారం దాచెయ్యడం, ఇంట్లోంచి పొమ్మనడం, అన్నీ అందులోకే వస్తాయి. జీతం మొత్తం నా చేతికివ్వాలి అనడం మన ఇళ్లలో మగతనం కింద చలామణి అవుతోంది, చట్టం దాన్ని ఆర్థిక హింస అంటుంది.

ఇల్లు గురించి మీ అత్తగారు అన్నమాట పదిహేనేళ్ల కిందట అయితే కొంత నిజమే. అత్త పేరు మీదో మామ పేరు మీదో ఉన్న ఇంట్లో కోడలు నివాస హక్కు అడగడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2006లో ఒక తీర్పు ఇచ్చింది, దాన్ని పట్టుకుని చాలామందిని బయటికి గెంటారు. 2020 అక్టోబరులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పు తప్పని చెప్పింది. కోడలిగా వచ్చి స్థిరంగా కాపురమున్న ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, అద్దె ఇల్లయినా, ఆమెకు అందులో ఉండే హక్కుంది. తొమ్మిదేళ్లు ఆ ఇంట్లో పొయ్యి వెలిగించినదానివి నువ్వు. చట్టప్రకారం కోర్టు ద్వారా తప్ప నిన్ను కదపడానికి లేదు. అలాగని ఆ ఇల్లు నీ సొంతమైపోదు, ఉండే హక్కు మాత్రమే. పెద్దవాళ్ల పరిస్థితి కూడా కోర్టు చూస్తుంది, ఒకోసారి అదే స్థాయిలో వేరే ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో భర్తను ఆదేశిస్తుంది. ఆవిడ వృద్ధుల సంరక్షణ చట్టం కింద అధికారులకు అర్జీ పెట్టి నిన్ను ఖాళీ చేయిస్తానని కూడా అనొచ్చు, ఈ మధ్య ఆ దారి చాలామంది తొక్కుతున్నారు. 2020 డిసెంబరులోనే సుప్రీంకోర్టు, కోడలి నివాస హక్కుని దెబ్బకొట్టడానికి ఆ చట్టాన్ని వాడుకోకూడదని చెప్పింది. భర్త ఇంట్లో ఉంటే నీకు ప్రమాదమనిపిస్తే ఆయన్నే బయట ఉండమని మేజిస్ట్రేటు చెప్పగలరు. ఆడవాళ్లని మాత్రం అలా ఇల్లు వదిలి పొమ్మనడానికి లేదు, అంటే అత్తగారు అక్కడే ఉంటారు. కానీ ఆవిడ మీద కూడా నువ్వు రక్షణ అడగొచ్చు, 2016 నుంచి ఈ చట్టం కింద ఆడవాళ్ల మీదా కేసు వేసే వీలు స్పష్టంగా ఉంది.

బంగారం. పుట్టింటివాళ్లు పెట్టింది, అత్తింటివాళ్లు నీకని పెట్టింది, చదివింపుల్లో నీకొచ్చింది, పసుపు కుంకుమ కింద పొలం ఏమైనా రాసి ఇచ్చి ఉంటే అది, అంతా నీ స్త్రీధనం. ఎవరి బీరువాలో ఉన్నా నీదే, తిరిగి ఇమ్మంటే ఇవ్వాల్సిందే, ఈ మాట సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. ఇవ్వకపోతే నమ్మకద్రోహం కింద కేసు కూడా అవుతుంది. డీవీసీలోనే బంగారం ఇప్పించమని అడగొచ్చు. బిల్లులు లేవని దిగులుపడకు. పెళ్లి ఆల్బమ్ తియ్యి. తలంబ్రాల ఫొటోలో మెడలో ఏముంది, చేతులకి ఎన్ని జతల గాజులున్నాయి, వడ్డాణం పెట్టారా, జడకి ఏం కట్టారు, ఒక్కొక్కటీ చూసుకుంటూ కాగితం మీద రాయి, ఎవరు పెట్టారో, సుమారు ఎన్ని కాసులో. మీ అమ్మని కూర్చోబెట్టుకుని రాస్తే ఇంకా మంచిది, ఏ వస్తువు ఎంతకి కొన్నామో తల్లులకి ఎప్పటికీ గుర్తుంటుంది. ఆ ఆల్బమ్‌ని ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకో, గొడవ ముదిరితే ముందు మాయమయ్యేది అదే.

డబ్బు విషయానికొస్తే, నీకూ పిల్లలకీ నెలనెలా ఖర్చులు, అంటే మెయింటెనెన్సు, ఇప్పించమని అదే అర్జీలో అడగొచ్చు. మందుల ఖర్చు, పోగొట్టుకున్న సంపాదన, పడిన బాధకి పరిహారం కూడా. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రం మీద రాసివ్వాలని, మెయింటెనెన్సు అర్జీ వేసిన తేదీ నుంచే లెక్కకట్టాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో చెప్పింది కాబట్టి, కేసు సాగదీస్తే ఆయనకేమీ కలిసిరాదు. ఇవ్వకుండా ఎగ్గొడితే ఆయన యజమానికే ఉత్తర్వు వెళ్లొచ్చు, జీతంలోంచి పట్టి నీకు ఇమ్మని. నువ్వు కుట్టుపని చేస్తున్నావు కాబట్టి మెయింటెనెన్సు రాదని ఎవరైనా అంటే నమ్మకు. ఐదారు వేలతో గుంటూరులో ఇద్దరు పిల్లలతో ఎలా బతుకుతారో జడ్జికీ తెలుసు.

పిల్లలు కూడా. డీవీసీ నడుస్తున్నప్పుడే వాళ్లని నీ దగ్గర ఉంచమని అడగొచ్చు, తండ్రి వచ్చి చూడటం వల్ల వాళ్లకి హాని అనిపిస్తే కోర్టు దాన్నీ ఆపుతుంది. పాపకి నాలుగేళ్లే, ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షక చట్టంలోనే ఉంది. బాబు విషయంలో వాడి మంచి చెడ్డలు చూస్తారు. ఇల్లు వదలాల్సి వస్తే మాత్రం పిల్లల్ని వదిలి రావద్దు. "నాలుగు రోజులాగి తీసుకెళ్తా"నని వచ్చిన తల్లులు తర్వాత ఎంత అవస్థ పడ్డారో చూశాను.

లాయరు ఫీజు గురించి నిద్ర పోగొట్టుకున్నానని రాశావు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. గుంటూరు జిల్లా కోర్టుకి వెళ్లి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఎక్కడని అడుగు, లేదా 15100కి ఫోన్ చెయ్యి. అక్కడ ఇచ్చే లాయరు పట్టించుకోకపోతే మార్చమని అడగొచ్చు, మొహమాటపడకు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే నేనైతే 181 అంటాను. మహిళల హెల్ప్‌లైన్, డబ్బు ఖర్చు లేదు. సఖి వన్ స్టాప్ సెంటర్ ఎక్కడుందో, ప్రొటెక్షన్ ఆఫీసరు ఎవరో వాళ్లు చెబుతారు. వన్ స్టాప్ సెంటర్లో వైద్యం, పోలీసు, లాయరు, కౌన్సెలింగ్ ఒకేచోట చూస్తారు, అవసరమైతే కొన్ని రోజులు పిల్లలతో సహా తలదాచుకోవచ్చు. ప్రొటెక్షన్ ఆఫీసరు అంటే మన జిల్లాల్లో స్త్రీ శిశు సంక్షేమ శాఖవాళ్లే, అందరికీ ఐసీడీఎస్ పీడీ ఆఫీసు అంటే తెలుస్తుంది. జరిగిందంతా వాళ్లు ఒక నివేదికగా రాసి మేజిస్ట్రేటుకి పంపుతారు, అర్జీ పెట్టడంలో సాయం చేస్తారు, అది వాళ్ల డ్యూటీ. నువ్వు వెళ్లలేకపోతే పక్కింటి పిన్నిగారు చెప్పినా చాలు, మంచి ఉద్దేశంతో కబురు చెప్పినవాళ్ల మీద కేసు పడకుండా చట్టమే కాపాడుతుంది. ఈ మాట ఆవిడకి చెప్పు, మనకెందుకులే అని చాలామంది ఆగిపోయేది ఆ భయంతోనే.

ఆలస్యం గురించి నీకు అబద్ధం చెప్పను. అర్జీ అందిన మూడు రోజుల్లో మొదటి వాయిదా, అక్కణ్ణుంచి 60 రోజుల్లో తీర్పు అని చట్టంలో ఉంది. కోర్టు మెట్లెక్కినవాళ్లెవరికీ 60 రోజుల్లో అయిపోతుందన్న ఆశ లేదు. అందుకే అర్జీతోపాటే మధ్యంతర ఉత్తర్వులు అడగాలి, అంటే తుది తీర్పు వచ్చేలోపే కొట్టొద్దని, ఇంట్లోంచి పంపొద్దని, నెలకింత ఇవ్వమని. పరిస్థితి ప్రమాదంగా ఉంటే అవతలివాళ్లు రాకముందే, నీ ప్రమాణపత్రం చూసి ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకి ఉంది. గొంతు నొక్కిన సంగతి, ఆస్పత్రి చీటీ ఇక్కడ అక్కరకొస్తాయి. లాయరు ఈ మాట ఎత్తకపోతే నువ్వే ఎత్తు.

ఇంకో దారి పోలీసు కేసు, భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింస మీద పెట్టేది, అందరూ 498ఏ అనేది. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది, మూడేళ్ల దాకా శిక్ష. డీవీసీ వేసినా ఇదీ పెట్టొచ్చు, ఒకటి పెడితే ఇంకోటి పోదు. కేసు పెట్టగానే అత్తింటివాళ్లందర్నీ ఎత్తుకెళ్తారన్న రోజులు కావివి, 2014 నుంచి అవసరముంటేనే అరెస్టు, మామూలుగా ముందు నోటీసు ఇస్తారు. స్టేషన్లో మొదట కౌన్సెలింగ్ అంటారు. వెళ్లు, తప్పులేదు. కానీ "ఇకమీదట బాగా చూసుకుంటాను" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టి ఇంటికొచ్చి, వారానికి మళ్లీ దెబ్బలు తిని, మళ్లీ కౌన్సెలింగ్‌కి వెళ్లి, ఇలా నాలుగేళ్లు తిరిగిన మనిషి నాకు తెలుసు. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకు, పెట్టిన ప్రతి కాగితానికీ కాపీ తీసుకో. ఫిర్యాదు తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అదీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికే వెళ్లొచ్చు. తెనాలి వెళ్లిపోయినా అక్కడే రెండు కేసులూ పెట్టుకోవచ్చు, గుంటూరు రావాలనేం లేదు.

మీ అమ్మ మీద నాకు కోపం రాలేదు. ఒక కూతురి పెళ్లి కోసం ఇంకో కూతురి గొంతు మీది చేతుల్ని చూడనట్టు ఉండాల్సి రావడం ఆవిడకీ నరకమే. కానీ ఆవిడకి నువ్వు ఇంతవరకూ చెప్పింది "కొడుతున్నాడమ్మా" అని మాత్రమే అనుకుంటా. గొంతు నొక్కాడని, కళ్లు బైర్లు కమ్మాయని, అన్నం మింగలేకపోయానని చెప్పు. ఆస్పత్రి చీటీ చూపించు. చెల్లి పెళ్లికి వచ్చే చుట్టాల ముందు పరువు కావాలంటే ఆ పెళ్లికి అక్క ప్రాణాలతో ఉండాలి కదా. నువ్వు పుట్టింటికి చుట్టంలా వెళ్లక్కర్లేదు, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా వాటా ఉండాలని మన రాష్ట్రంలో 1986లోనే చట్టం తెచ్చారు, దేశమంతటికీ 2005లో వచ్చింది.

ఈ వారం చెయ్యగలిగినవి చెబుతాను. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు, నీ బ్యాంకు పాస్‌బుక్కు, శుభలేఖ ఒకటి, మందులు, రెండు జతల బట్టలు, కొంచెం డబ్బు, ఇవన్నీ ఒక సంచిలో పెట్టి పిన్నిగారి ఇంట్లో ఉంచు. మీ పెళ్లి రిజిస్టరు కాలేదేమో, ఫర్వాలేదు, శుభలేఖా ఫొటోలూ సరిపోతాయి. నీ పేరు మీద వేరే ఖాతా తెరిచి కుట్టుపని డబ్బులు అందులో వేయించుకో, ముందు ఒకరిద్దరు గిరాకీలతో మొదలుపెట్టు, అన్నీ ఒక్కసారి ఆగిపోతే ఆయనకి అనుమానం వస్తుంది. ఫాల్సు గుడ్డల మూటలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకుని, కొట్టిన తేదీ, ఏ వేళ, దేంతో, ఎవరు చూశారు అన్నది ఒక్కో లైను రాస్తూ ఉండు, ఆ మూట ఆయన ఎప్పుడూ ముట్టుకోడని నువ్వే రాశావు. తిడుతూ పెట్టిన మెసేజీలు, వాయిస్ మెసేజీలు చెరపకు. కేసు వేస్తున్నట్టు ముందుగా ఇంట్లో చెప్పకు, కోపంలో కూడా. ఆడమనిషి వెళ్లిపోతుందని తెలిసిన రోజులే అన్నిటికంటే ప్రమాదమైన రోజులు.

ఉత్తరంలో నీ ఫోన్ నంబరు ఇచ్చావు. నేను చెయ్యను, ఫోన్ రాత్రిళ్లు ఆయన చేతిలో ఉంటుందని రాశావు కాబట్టి. ఇది కూడా పిన్నిగారి ఫోన్‌లోనే చదివి తీసెయ్. పొద్దున పిల్లల్ని బడిలో దింపాక నీకు గంటన్నర ఖాళీ ఉంటుందన్నావు కదా, ఆ గంటన్నరలో జీజీహెచ్ ఓపీకి వెళ్లిరావచ్చు. రేపే వెళ్లు. డాక్టరు ఏం రాశారో పిన్నిగారి నంబరు నుంచి నాకు చెప్పు, నేను కనిపెట్టుకుని ఉంటాను.